హన్మకొండలో టీనేజీ పిల్లల ఆదివారం తరగతులు: ఎనిమిది వారాల అనుభవం

హన్మకొండలో మా ఇంటికి దగ్గరలో ఉన్న ఒక కౌన్సెలింగ్ కేంద్రం వారు పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లల కోసం నడిపే ఆదివారం తరగతుల్లో, పదో తరగతికి వచ్చిన మా అమ్మాయిని వేసవిలో చేర్పించాను. ఎనిమిది వారాలు, వారానికి రెండు గంటలు, ఫీజు 3,200 రూపాయలు. ఫ్లెక్సీ మీద 'వ్యక్తిత్వ వికాసం' అని ఉండటంతో చప్పట్లు కొట్టించే ఉపన్యాసాలే ఉంటాయనుకున్నాను. ఆ అనుమానం సగమే నిజమైంది.

మొదటి రోజు సున్నా నుంచి పది వరకు మెట్లున్న నిచ్చెన బొమ్మ ఇచ్చి, పై మెట్టు నీకు సాధ్యమైన అత్యుత్తమ జీవితం, అడుగు మెట్టు అన్నిటికన్నా అధ్వానమైనది అనుకుంటే ఇప్పుడు నువ్వెక్కడున్నావో గుర్తు పెట్టమన్నారు. ఇది వాళ్లు కల్పించింది కాదు. హాడ్లీ క్యాంట్రిల్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1965లో వెలువరించిన కొలమానం. యూరప్, కెనడాల్లో 11, 13, 15 ఏళ్ల బడి పిల్లల సర్వేలోనూ దీన్ని వాడతారు. మా అమ్మాయి పెన్సిలుతో ఐదో మెట్టు మీద గుర్తు పెట్టి, చెరిపి, నాలుగుకు దిగింది. క్లాసులో ఎప్పుడూ ముందుండే పిల్ల!

రెండో వారం ఆ ఒక్క అంకెను కుటుంబం, స్నేహితులు, బడి, నివసించే పరిసరాలు, తన మీద తనకున్న అభిప్రాయం అని ఐదుగా విడదీయించారు. పిల్లలు తమ జీవితంతో ఎంత తృప్తిగా ఉన్నారో కొలవడానికి హ్యూబ్నర్ అనే మరో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1994లో రూపొందించిన నలభై అంశాల ప్రశ్నావళిలోనూ ఇవే ఐదు విభాగాలు. ఆ కాగితం ఇంట్లో చూపించాలా వద్దా అన్నది పిల్లల ఇష్టానికే వదిలేయడం నాకు బాగా నచ్చింది. మా అమ్మాయి మూడు వారాలు దాచుకుని, ఒక రాత్రి తానే తెచ్చి నా ముందు పెట్టింది. బడికి ఏడు, మాకు మూడు. ఎందుకని అడిగితే, "అన్నం తినేటప్పుడు గూడ మార్కులే అడుగుతరు కద డాడీ" అంది. కట్టిన ఫీజు ఆ ఒక్క మాటకే చెల్లిపోయిందని నా లెక్క.

ఈ వయసులో ఎనిమిది నుంచి పది గంటల నిద్ర, రోజుకు గంటసేపు ఒంటికి శ్రమ అవసరమని చెప్పి వదిలేయకుండా, వారం పాటు పడుకున్న వేళ, లేచిన వేళ రాయించారు. మా అమ్మాయి సగటు ఆరున్నర గంటలు తేలడంతో రాత్రి ట్యూషన్ ఒకటి మాన్పించాం. ఇప్పుడు ఉదయం భద్రకాళి బండ్ మీద నాతో నడుస్తోంది, ఆ నడకలో చదువు మాట ఎత్తకూడదన్నది ఒప్పందం.

లోపాలూ ఉన్నాయి. ఐదో వారం వచ్చిన అతిథి రెండు గంటలూ ర్యాంకుల గురించే మాట్లాడారు. ఫోన్ విషమని అందరికీ ఒకే మంత్రం చెప్పారు, కానీ కరీంనగర్‌కు మారిపోయిన ప్రాణస్నేహితురాలితో మా అమ్మాయికి మిగిలింది ఆ ఫోనే. బిడియస్తులైన పిల్లల చేతికీ మైకు ఇచ్చి నిలబెట్టడం అనవసరం. నలభై మందికి ఒకే కూలర్.

ఇది చికిత్స కాదని మాత్రం నిజాయితీగా ముందే చెప్పి, దిగులు తీవ్రంగా ఉన్నవారి కోసం 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలీ మానస్ ఉచిత నంబరు 14416ను బోర్డు మీద రాసి ఉంచారు.

చివరి వారం మా అమ్మాయి ఆరో మెట్టు మీద గుర్తు పెట్టింది. వచ్చే వేసవిలో మా చిన్నవాణ్నీ చేర్పిస్తాను, రెండో కూలర్ పెట్టారో లేదో ముందుగా వెళ్లి చూసుకుని.