సీటున్న నాలుగు చక్రాల వాకర్: మునుగోడు వైపు రోడ్ల మీద వాడి చూశాక

నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో నా వయసువారికి, ఫ్లోరైడు నీళ్ల వల్ల ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయే ఫ్లోరోసిస్ గురించి కొత్తగా చెప్పవలసింది లేదు. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మేము అంతకు ఎన్నో రెట్లున్న బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లం. మిషన్ భగీరథ నల్లాల్లో కృష్ణా నీళ్లు వచ్చాక పిల్లలకు ఆ బాధ తప్పుతోంది గాని, ఒకసారి బిగుసుకుపోయిన వెన్ను, మెడ, మోకాళ్లు తిరిగి వదులు కావు. ఉన్న ఒంటితోనే హాయిగా తిరగడమెలాగని వెతుకుతూ, ఏడాది కిందట ఆరు వేల పైచిలుకు పెట్టి ఈ వాకర్ తెప్పించుకున్నాను.

మామూలు వాకర్‌ను అడుగడుగునా ఎత్తి పెట్టాలి. భుజాలు కూడా పట్టేసినవారికి అది శిక్షే. దీన్ని నెడితే చాలు, కదులుతుంది. అయినా నా దృష్టిలో దీని అసలు విలువ నడకలో కన్నా, అనుకున్నచోట ఆగి కూర్చోగలగడంలోనే ఉంది. ఇదివరకు అంగడికి వెళితే నొప్పి ముదిరేలోగా ఇల్లు చేరాలన్న తొందరలో మొదట కనబడిన కుప్ప దగ్గరే ఏదో ఒకటి కొనేసి వచ్చేదాన్ని. ఇప్పుడు కూరగాయల ఆమె ఎదురుగా బ్రేకులు బిగించి కూర్చుని, చిక్కుడుకాయలు ఒక్కొక్కటే ఏరుకుంటూ, బేరమాడుతూ, ఆమె కోడలి సంగతులన్నీ విని మరీ లేస్తున్నాను. సద్దుల బతుకమ్మ నాడు ఆడేవాళ్ల పక్కనే కూర్చుని చప్పట్లు కొడుతూ పాట అందుకున్నాను. చాలా ఏళ్లుగా ఆ పాటను మా వాకిట్లో నుంచి వినడమే తప్ప పాడింది లేదు.

లోపాలూ ఉన్నాయి. చక్రాలు చిన్నవి కావడంతో సీసీ రోడ్డు మీద బాగానే సాగుతుంది గాని, కంకర మీద మొరాయిస్తుంది. మోరీ మీది బండల సందులో ముందు చక్రం ఇరుక్కుంటే ఎవరో ఒకరు వచ్చి లేపవలసిందే. ఎత్తు సరిచేసుకునే వీలు పిడులకే ఉంది, సీటుకు లేదు. మోకాళ్లు వంగనివారు తక్కువ ఎత్తు సీటు మీద కూర్చుంటే ఒంటరిగా లేవలేరు కనుక, కూర్చుని లేచి చూడకుండా కొనవద్దు. పైగా కూర్చోవడానికి వాకర్‌కు వీపు పెట్టి తిరగాలి; మెడ తిరగనివారికి సీటు ఎక్కడుందో కనబడదు. బ్రేకులు రెండూ బిగించి, కాళ్ల వెనుక సీటు తగిలాకే ఒళ్లు దించాలి. వేళ్లలో పట్టు తగ్గినవారికి ఈ బ్రేకులు నొక్కడం కష్టం. అటువంటివారికి నేను దీన్ని సిఫారసు చేయను.

కంపెనీవారికి తోచని సౌకర్యం ఒకటి మా సైకిలు షాపు కుర్రవాడు అమర్చాడు. కుడి పిడికి పాత స్కూటర్ అద్దం బిగించాడు. మెడ తిప్పకుండానే వెనుక వచ్చే ఆటో, పలకరించబోయే మనిషి ముందే కనబడుతున్నారు. తోటివారు నన్ను డ్రైవరమ్మా అని ఆటపట్టిస్తున్నారు, నాకూ ఆ పిలుపు నచ్చింది. బ్రేకు తీగ తెగినప్పుడు సైకిలు తీగనే వేసి సరిచేసింది కూడా అతనే. కంపెనీకి ఫోను చేస్తే మాత్రం ఇప్పటికీ జవాబు లేదు.