పంచమంలో శని అని నమ్మి రెండేళ్లు ఆటవెలదులు రాశాను

పెళ్లికీ ఉద్యోగానికీ జాతకం చూపించుకున్నవాణ్ణే గానీ, ఆడుకోవడానికి కూడా చూసుకోవచ్చని రెండేళ్ల క్రితం దాకా తెలియదు. ఫోన్‌లో ఒక పాశ్చాత్య జ్యోతిషం యాప్ వేసుకుని 1983 నవంబరు, రాత్రి పది, గుంటూరు అని కొడితే కర్కాటక లగ్నం, ఐదో ఇంట వృశ్చికంలో శని అని వచ్చింది. వాళ్ల లెక్కలో ఐదో ఇల్లంటే ఆట, సరదా, సృజన. నీకు ఆట తేలిగ్గా రాదు, చిన్నప్పుడే పెద్దవాడివైపోయావు, నియమం ఉన్న ఆట పట్టుకుని రోజూ కొంచెం చెయ్యి అని కింద రాసుంది. కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాల లెక్కలు రాసుకునే నాకు ఆ రోజు గొంతు పట్టేసింది. (ఆ పేరా మా యార్డు గుమాస్తాల్లో ఎవరికి చదివి వినిపించినా అంతే అవుతుందని తర్వాత తెలిసిందిలెండి.)

నియమం ఉన్న ఆట అంటే స్కూల్లో వదిలేసిన ఛందస్సు గుర్తొచ్చింది. ఆటవెలది అనే పద్యానికి పేరులోనే ఆట ఉంది. మళ్లీ చూస్తే ఒకటీ మూడూ పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, రెండూ నాలుగూ పాదాల్లో ఐదూ సూర్యగణాలే, పైగా నాలుగో గణం దగ్గర యతి, అంటే దాని మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో జత కుదరాలి. (గణమంటే గురు లఘువుల లెక్కతో కట్టిన అక్షరాల గుంపు.) శనికి ఇంతకన్నా ఏం కావాలి! రాత్రి అన్నం తిన్నాక ఇరవై నిమిషాలు కూర్చునేవాణ్ణి. మూడు వారాలకి ఒక్క పాదం కుదిరింది: "మిర్చి ఘాటు కన్న మేటి యేది". పరిగెత్తుకెళ్లి మా అమ్మాయికి చూపిస్తే "ఇది రెండో పాదం కదా నాన్నా, మొదటిదేది?" అంది.

ఇలా ఏడాదిన్నర గడిచాక సంగతి అమ్మ చెవిన పడింది. మనకి పంచమం అంటే ముందు పుత్రస్థానం. అక్కడ శని అనేసరికి తైలాభిషేకం చేయించి, నన్ను బ్రాడీపేటలో పంతులుగారి దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన ఫోన్ చూసి నవ్వి, "ఇది సాయనం బాబూ, మనది నిరయనం" అన్నారు. సాయనం రాశుల్ని వసంత విషువత్తు నుంచి లెక్కపెడుతుంది, నిరయనం స్థిర నక్షత్రాల్ని బట్టి; రెంటికీ మధ్య తేడాయే అయనాంశ. లాహిరి అయనాంశ ప్రకారం దాదాపు ఇరవై మూడున్నర డిగ్రీలు వెనక్కి జరిపితే లగ్నం కర్కాటకంలోనే నిలిచింది గానీ, శని తులలోకి, అంటే నాలుగో ఇంటికి పోయాడు, అదీ ఉచ్చలో, అంటే శనికి బాగా బలమున్న రాశిలో. ధనుస్సులో ఉన్న గురువు వచ్చి ఐదో ఇంట్లో కూర్చున్నాడు. అమ్మ ముఖం వెలిగింది. ఆయన వెంటనే "కారకో భావనాశాయ" అని ఒక మాట కూడా అన్నారు, అంటే ఒక ఇంటికి కారకుడైన గ్రహం ఆ ఇంట్లోనే కూర్చుంటే దాని ఫలం చెడుతుందని; సంతానానికి కారకుడు గురువే. అమ్మ ముఖం మళ్లీ ఆరిపోయింది.

నా కోపమల్లా ఆ యాప్ మీద. ఏ లెక్క వాడుతున్నామో ఒక్క ముక్క ఎక్కడా రాయకపోతే ఎలా? ఏడాదిన్నర వేరేవాళ్ల శనిని మోసినట్టయింది. సరే, గురువే నిజమైతే గురువులాగే ఆడదాం అనుకున్నా. పంచమంలో గురువుకి ఆ యాప్ చెప్పేది పుష్కలంగా, హద్దుల్లేకుండా ఆడమని. ఛందస్సు పక్కనపెట్టి వచన కవితలు మొదలుపెట్టా. రెండు వారాలు తెల్లకాగితం ముందు కూర్చుని బస్తాల లెక్కలు వేసుకున్నాను, నిజంగానే. మూడో వారం మళ్లీ గణాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే హాయిగా ఉంది.

కాబట్టి జాతకం నా గురించి ఏదో కనిపెట్టిందని చెప్పలేను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నలభై ఏళ్లు గడిపినవాడికి ఒక సాకు ఇచ్చింది, అంతవరకు బాగుంది. ఇంట్లో జాతకాల పట్టింపు ఉంటే మాత్రం ఐదో ఇల్లు అనే మాట పెద్దవాళ్ల ముందు ఎత్తకండి, నూనె ఖర్చు మీదే. రోజూ చెయ్యమన్నది కూడా నా వల్ల పూర్తిగా కాలేదు, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సీజన్లో ఇంటికొచ్చేసరికి కళ్లు మండుతుంటాయి. మీ ఉద్యోగం ఎలాంటిదో మీరే చూసుకోవాలి.

యాప్ తీసేశాను. నోటు పుస్తకం రెండోది నడుస్తోంది. ఆ మిర్చి పాదానికి పై పాదం ఇంకా దొరకలేదు, మా అమ్మాయి వారానికోసారి అడుగుతూనే ఉంది.