డీజిల్ బండి ఐదేళ్ళు, గ్యాస్ బండి మూడేళ్ళు: రెండూ తోలాక చెప్తున్నా

మొన్న ఒక తమ్ముడు అడిగాడు, అన్నా హెవీ డ్యూటీ పికప్ కొందామనుకుంటున్నా, రెండు బండ్ల దగ్గర ఆగిపోయా, ఒకటి త్రీ క్వార్టర్ టన్ డీజిల్, ఇంకోటి ఒన్ టన్ గ్యాస్, ఏది తీసుకోమంటావ్ అని. గ్యాస్ అంటే ఇక్కడ అమెరికాలో పెట్రోలే, త్రీ క్వార్టర్ టన్ కంటే ఒన్ టన్ ఒక క్లాసు పై బండి. ఈ రెండూ నా చేతుల్లో నలిగినవే. డీజిల్‌ది ఐదేళ్ళలో 84,000 మైళ్ళు తిప్పి మా బావమరిదికి ఇచ్చేశా, ఇప్పటికీ అప్పుడప్పుడు తీసుకుని తోలుతూనే ఉంటా. గ్యాస్‌ది మూడేళ్ళ నుంచి నా దగ్గరే ఉంది, 41,000 దాటింది. నా బండ్ల బ్రాండ్ పేర్లు మాత్రం చెప్పను. చెప్తే కంపెనీల అభిమానులు హీరో ఫ్యాన్స్ కంటే ఘోరంగా మీద పడతారు, పైగా నా బండికొచ్చిన రోగం ఆ మోడల్ మొత్తానికీ ఉందని నేనెలా అంటా.

నా వాడకం ఇదీ. ఉండేది టెక్సస్. 33 అడుగుల ఫిఫ్త్ వీల్ క్యాంపర్ ఒకటి ఉంది, అంటే ట్రక్కు వెనక తొట్టిలోనే తగిలించి లాగే, లోపల పడుకునే ట్రెయిలర్, సామాన్లూ నీళ్ళూ నింపితే 11,800 పౌండ్లు తూగుద్ది. పొలానికి చిన్న ట్రాక్టర్ తీసుకెళ్ళే ట్రెయిలర్ ఇంకోటి. మిగతా రోజుల్లో ఆఫీసు, పిల్లల స్కూలు, సరుకులు. నిజాయితీగా లెక్కేస్తే ఏడాదికి లోడుతో తిరిగేది 25, 30 రోజులు మించదు. ఈ లెక్క కొనే ముందు వేసుకోలేదు, అక్కడే నా తప్పు మొదలైంది.

షోరూమ్‌లో అందరూ చెప్పేది టోయింగ్ నంబరు, అంటే వెనక ఎంత బరువు లాగుద్దో. ఇది 18,000 పౌండ్లు లాగుద్ది సార్, మీ ట్రెయిలర్ దీనికొక లెక్కా అన్నాడు సేల్స్ అతను. అతను అబద్ధమేం చెప్పలేదు, లాగడం లాగుద్ది. కానీ ఫిఫ్త్ వీల్ విషయంలో మొదట చేతులెత్తేసేది ఇంజన్ కాదు, పేలోడ్, అంటే బండి తన మీద మోయగలిగే బరువు. ఎడ్లబండి తోలినోళ్ళు మనింట్లో ఎవరన్నా ఉంటే ఇది చప్పున అర్థమవుద్ది. లోడు ముందుకి ఎక్కువైతే ఎడ్ల మెడ మీద పడుద్ది, వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేస్తది. ట్రెయిలర్‌కీ అదే లెక్క. మామూలు బంపర్ హిచ్ (బంపర్ దగ్గర తగిలించే కొక్కెం) అయితే ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం, ఫిఫ్త్ వీల్ అయితే 20 నుంచి 25 శాతం తెచ్చి నీ ట్రక్కు నెత్తిన పెట్టాల్సిందే, తగ్గిస్తే ట్రెయిలర్ తోక ఊపుద్ది. ఆ పెట్టిన బరువంతా పేలోడ్‌లోంచే పోద్ది, దాని మీద హిచ్, నువ్వు, పెళ్ళాం, పిల్లలు, వెనక తొట్టిలో టూల్ బాక్సు అన్నీ మళ్ళీ అందులోంచే.

త్రీ క్వార్టర్ టన్, ఒన్ టన్ అనేవి పాతకాలం పేర్లు, అసలు మోసే బరువుకీ వాటికీ ఇప్పుడు సంబంధం లేదు. చూడాల్సింది డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన పిల్లర్ మీద ఉండే పసుపూ తెలుపూ స్టిక్కర్, మనుషులూ సామానూ కలిపి ఇంత దాటకూడదు అని రాసుంటది. అది మోడల్‌కి కాదు, ఆ బండికే. ఒకే మోడల్ రెండు బండ్లు పక్కపక్కన పెట్టినా సన్‌రూఫ్ ఉన్నదానికి ఒక నంబరు, లేనిదానికి ఇంకో నంబరు. నా డీజిల్‌కి ఎంతుందో తెలుసా, 2,080 పౌండ్లు. అంత పెద్ద బండి, అంతే. ఎందుకంటే బండీ లోడూ కలిపి మొత్తం బరువు 10,000 పౌండ్లు దాటితే పై క్లాసులో పడుద్ది, కొన్ని రూల్స్ మారిపోతాయి, అందుకని కొన్ని త్రీ క్వార్టర్ టన్ బండ్లకి కంపెనీలు సరిగ్గా 10,000 దగ్గర గీత గీసేస్తాయి. డీజిల్ ఇంజనేమో గ్యాస్ కంటే కొన్ని వందల పౌండ్లు ఎక్కువ బరువు, అది కూడా ఆ పదివేలలోంచే తినేస్తది. అంటే డబ్బులు ఎక్కువ పోసి పెద్ద ఇంజన్ తీసుకుంటే మోసేది తగ్గిందన్నమాట. నాకు ఇది తెలిసేసరికి రెండేళ్ళు గడిచినయ్.

తెలిసింది కూడా యాదృచ్ఛికంగానే. ఒక ట్రక్ స్టాప్‌లో డీజిల్ కొట్టించి, పక్కనే క్యాట్ స్కేల్, అంటే లారీలు తూచే కాటా, ఉంటే పిల్లలకి సరదాగా ఉంటదని ఎక్కించా. స్లిప్పు చేతికొచ్చింది. ముందు యాక్సిల్ 4,780, వెనక యాక్సిల్ 6,500, ట్రెయిలర్ 9,200. ముందూ వెనకా కలిపితే ట్రక్కు మీద 11,280, నా పరిమితి 10,000. అక్కడే నిలబడి ఫోన్‌లో మూడుసార్లు లెక్క వేశా, మారుద్దేమోనని. 1,280 పౌండ్లు ఎక్కువ! క్యాంపర్ పిన్ను బరువే, అంటే అది ట్రక్కు మీద పెట్టేదే, 2,600, హిచ్ 200, మేం నలుగురం 560. మా ఆవిడ స్లిప్పు తీసుకుని చూసి, అంటే ఇన్నాళ్ళూ మనం ఇట్లాగే తిరిగామా అంది. ఏం చెప్తాం. వెనక భాగం దిగిపోతుంటే స్ప్రింగుల దగ్గర గాలి నింపే ఎయిర్ బ్యాగులు వేయించా కదా అన్నా, కానీ ఎయిర్ బ్యాగ్ బండిని లెవెల్‌గా నిలబెడుద్ది అంతే, స్టిక్కర్ మీద నంబరు పెంచదు. యాక్సిలూ టైర్లూ బ్రేకులూ అవే కదా మోసేది.

అందుకని తర్వాత ఒన్ టన్‌కి వెళ్ళా. వెనక టైర్లు సింగిలే, పెద్ద గ్యాస్ వీ8, స్టిక్కర్ మీద 3,870. పిన్నూ హిచ్చూ మేమూ కలిపి నా 3,360 ఎక్కించినా ఇంకా ఐదొందల పౌండ్లు మిగులు. మొదటిసారి క్యాంపర్ తగిలించి హైవే ఎక్కినప్పుడే తేడా తెలిసింది, పక్కనుంచి పెద్ద సెమీ లారీ పోయినా స్టీరింగ్ నిబ్బరంగా ఉంది. డీజిల్‌లో అయితే ముందు చక్రాలు తేలినట్టు ఒక అనుమానం ఎప్పుడూ ఉండేది, నేను గాలి అనుకునేవాణ్ణి.

సరే గ్యాస్ గొప్పదని చెప్పేస్తున్నా అనుకోకు, కొండల సంగతి విను. కొలరాడోలో ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ ఉంది, 11,000 అడుగుల పైన. టర్బో లేని గ్యాస్ ఇంజన్‌కి వెయ్యి అడుగులకి దాదాపు 3 శాతం చొప్పున పవర్ పోద్ది, అంటే ఆ టన్నెల్ దగ్గరికి వెళ్ళేసరికి మూడో వంతు మాయం. నా గ్యాస్ బండి అక్కడ 4,500 ఆర్‌పీఎం దగ్గర అరుస్తా అరుస్తా నెమ్మది బండ్లు పోయే కుడి లేన్‌లో ఎక్కింది, లోపల మాట్లాడుకోవాలంటే గొంతు పెంచాలి. డీజిల్ అదే రోడ్డు ఎక్కినప్పుడు పాటలు వింటూ కూర్చున్నాం, టర్బో పలచటి గాలిని కూడా నొక్కి లోపలికి పంపుద్ది కాబట్టి అంత ఆయాసపడదు.

ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. టన్నెల్ దాటాక సిల్వర్‌థార్న్ ఊరి వైపు 7 శాతం దాకా వాలు, బ్రేకులు ఫెయిలైన లారీల కోసం పక్కన రాంపులు కూడా కట్టి ఉంటాయి, అవి చూస్తేనే కాళ్ళు చల్లబడతాయ్. డీజిల్‌లో ఎగ్జాస్ట్ బ్రేక్ బటన్ నొక్కితే టర్బోలోని రెక్కలు మూసుకుని పొగ బయటికి పోకుండా అడ్డం పడతాయి, ఇంజనే బండిని వెనక్కి పట్టి లాగినట్టు ఉంటది, కింద దాకా నేను బ్రేక్ తొక్కింది రెండుసార్లో మూడుసార్లో. గ్యాస్‌లో లోడు లాగేటప్పుడు వాడే టో హాల్ మోడ్ పెట్టా, గేర్లు అదే దింపుకుంటది, పని చేస్తది, కాదనను, కానీ ప్రతి వంపుకీ ముందు గట్టిగా తొక్కి వదలాలి, మళ్ళీ తొక్కి వదలాలి. కిందకొచ్చి ఆపితే బ్రేకుల వాసన. నా ఒక్కడికే వచ్చిందనుకున్నా, పిల్లాడు కూడా నాన్నా ఏదో మాడుతోంది అన్నాడు. నువ్వుండేది రాకీ మౌంటెన్స్ దగ్గరైతే ఇక్కడితో చదవడం ఆపేసి డీజిల్ తీసుకో, అది కూడా ఒన్ టన్‌లో.

మైలేజీ. ఈ క్లాసు బండ్లకి బండీ లోడూ కలిపిన పరిమితి 8,500 పౌండ్లు దాటితే విండో స్టిక్కర్ మీద మైలేజీ రాయాల్సిన పని లేదు, అందుకే షోరూమ్‌లో వెతికినా కనపడదు. నాకొచ్చినవి చెప్తున్నా, గ్యాలన్‌కి మైళ్ళలో: డీజిల్ ఖాళీగా హైవే మీద 17, క్యాంపర్‌తో 10, 11. గ్యాస్ ఖాళీగా 13, క్యాంపర్‌తో ఎదురుగాలి ఉంటే 7.5. లెక్కల కంటే చిరాకు పెట్టేది బంకులు. గ్యాస్ బండికి 200 మైళ్ళకొకసారి ఆగాలి, వెనక 33 అడుగుల క్యాంపర్‌తో మామూలు పంపుల మధ్యకి దూరాలి, ఎవడో కారు అడ్డంగా పెట్టి లోపలికి వెళ్ళి పది నిమిషాలు రాడు. ఒకసారి వంపు సరిపోక పంపు పక్కన పసుపు స్తంభానికి క్యాంపర్ మూల రాసుకుంది, ఆ గీత ఇప్పటికీ ఉంది. డీజిల్ అయితే నేరుగా లారీల లేన్‌లోకి పోవడమే, అక్కడ స్థలమే స్థలం, డెఫ్ కూడా పంపులోనే దొరుకుద్ది.

డెఫ్ అన్నా కాబట్టి ఆ కథ కూడా చెప్పాలి. డీజిల్ పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికి వేరే ట్యాంకులో పోసే యూరియా నీళ్ళు అది, 32.5 శాతం యూరియా మిగతా నీళ్ళు, 12 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర గడ్డకడుద్ది, అందుకని ట్యాంకులో హీటర్ పెడతారు. నా బండికి నాలుగో ఏడాది ఆ హీటర్ పోయింది. టెక్సస్‌లో గడ్డకట్టే చలి ఏడాదికి ఎన్ని రోజులు, కానీ కంప్యూటర్‌కి అది అనవసరం, సెన్సర్ తప్పు చూపించింది అంతే, డ్యాష్ మీద మైళ్ళు లెక్క దిగడం మొదలైంది, ఇన్ని మైళ్ళ తర్వాత స్పీడు తగ్గించేస్తా అని. ఇంజన్ గుండ్రాయిలాగ ఉంది, ఒక్క హీటర్ కోసం బండి షెడ్డులో మూడు వారాలు, పార్టు రాలేదంటారు. దానికి తోడు నా వాడకం వల్ల ఇంకో తలనొప్పి. స్కూలుకి రెండు మైళ్ళు, ఆఫీసుకి ఆరు మైళ్ళు తిరిగితే సైలెన్సర్ దారిలో ఉండే మసి ఫిల్టర్ వేడెక్కదు, మసి పేరుకుంటది, దాన్ని కాల్చుకోవడానికి రీజెన్ మొదలవుద్ది, అది అయ్యేలోపు ఇల్లొస్తది, ఆపేస్తాం. ఇట్లా పదేపదే మధ్యలో ఆపితే ఫిల్టర్‌కి మంచిది కాదు, అందుకని ఆదివారం పొద్దున్నే ఊరికే హైవే ఎక్కి అరగంట తిప్పి తెచ్చేవాణ్ణి. కుక్కని వాకింగ్‌కి తీసుకెళ్తారు, నేను బండిని తీసుకెళ్ళా. ఆయిల్ మార్పించాలంటే 12, 13 క్వార్ట్స్ (క్వార్ట్ అంటే లీటరుకి కాస్త తక్కువ), పైగా ఫ్యూయల్ ఫిల్టర్లు వేరే. కొనేటప్పుడు డీజిల్ ఇంజన్‌కి పది వేల డాలర్ల చుట్టుపక్కల ఎక్స్‌ట్రా. ఎంత చెట్టుకి అంత గాలి. అమ్మేటప్పుడు అందులో కొంత వెనక్కి వస్తదిలే, అది ఒప్పుకోవాలి.

గ్యాస్ బండికి ఈ మూడేళ్ళలో ఆయిలు, టైర్లు, ఒక బ్యాటరీ. అంతే, రాయడానికి ఇంకేం లేదు.

కూర్చునే సుఖం అంటావా, ఖాళీగా ఉన్నప్పుడు ఒన్ టన్ లీఫ్ స్ప్రింగులు నడ్డి విరగ్గొడతాయి, స్పీడ్ బ్రేకర్ మీద కాఫీ కప్పులో ఆగదు. మా అత్తగారు ఒకసారి ఎక్కి మళ్ళీ ఎక్కలేదు. కొందరు త్రీ క్వార్టర్ టన్‌లో వెనక కాయిల్ స్ప్రింగులు ఇస్తారు, రామ్ కంపెనీ 2500కి 2014 మోడల్ నుంచి అవే, ఖాళీగా మెత్తగా ఉంటది. ముందువైపు ఫోర్డ్, రామ్ ఫోర్ బై ఫోర్‌లలో సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి), జీఎం (జనరల్ మోటార్స్) వాళ్ళవి ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రానికది విడిగా కదులుద్ది), టెస్ట్ డ్రైవ్‌లో గుంతల రోడ్డు మీదకి తీసుకెళ్తే ఆ తేడా నీకే తెలుస్తది. ఎత్తు మర్చిపోకు, ఈ బండ్లు ఆరడుగుల ఎనిమిది అంగుళాల దగ్గర్లో ఉంటాయి. ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో పై పైపులకి నా యాంటెన్నా టకటకా కొట్టుకుంటూ పోయింది, వెనక్కి వద్దామంటే వెనక ఆరు కార్లు.

ఒన్ టన్ డీజిల్ తీసుకుంటే రెండూ కలిసొస్తాయి కదా అంటావ్, నిజమే, ఏడాదికి వంద రోజులు లోడు లాగేవాడైతే ముందూ వెనకా చూడక్కర్లేదు. నేను 25 రోజులోణ్ణి, అందుకని గ్యాస్‌తోనే సర్దుకున్నా, కొలరాడో వెళ్ళిన రెండు వారాలు మాత్రం కంపెనీని కాదు నన్ను నేనే తిట్టుకున్నా.

తమ్ముడూ, నువ్వు ఇన్ని అడిగావ్ కానీ ట్రెయిలర్ ఏదో, నిండుగా ఎంత తూగుద్దో ఇంకా చెప్పలేదు. శనివారం షోరూమ్‌కి వెళ్తా అన్నావ్ కదా, రెండు బండ్ల డోర్లూ తెరిచి ఆ పసుపు స్టిక్కర్లు ఫొటో తీసి పంపు, బ్రోషర్ వద్దు.