ఆఖరి ఏడాది బృందంగా చరిత్ర సదస్సుకు: జాతీయ స్థాయి సమావేశమా, రాష్ట్ర స్థాయి సమావేశమా, ఏది మేలు?

డిగ్రీ ఆఖరి సంవత్సరంలోనో పీజీ రెండో సంవత్సరంలోనో ఉన్న చరిత్ర విద్యార్థులను, వాళ్లు కాలేజీ విడిచి వెళ్లేలోపు ఒక్కసారైనా సదస్సుకు తీసుకెళ్లాలనే మాట దసరా సెలవులు ముగిసేసరికి చాలా కాలేజీల చరిత్ర శాఖల్లో వినిపిస్తుంది. వెళ్లాలా వద్దా అన్నదానిపై పెద్దగా పేచీ ఉండదు. ఎక్కడికి వెళ్లాలన్న దగ్గరే మాట తెగదు. కొందరు దేశవ్యాప్త చరిత్రకారుల సంఘమైన ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్ వార్షిక సమావేశానికి వెళ్దామంటారు. కొందరు, ఖర్చూ దూరమూ తక్కువ కాబట్టి, ఆంధ్రప్రదేశ్ హిస్టరీ కాంగ్రెస్‌కో తెలంగాణ హిస్టరీ కాంగ్రెస్‌కో వెళ్తే చాలంటారు. బృందం మొత్తం కదిలే పక్షంలో రాష్ట్ర స్థాయి సమావేశమే మేలని నా అభిప్రాయం. అయితే దానికి కారణం ఖర్చు కాదు. ఖర్చు తక్కువన్న వాదన ఒక్కదానితో ఈ నిర్ణయం తీసుకుంటే విద్యార్థులకు దక్కవలసిన అసలు ప్రయోజనం దక్కకుండా పోతుంది.

జాతీయ సమావేశం గొప్పతనాన్ని తక్కువ చేయడానికి వీల్లేదు. 1935లో పుణేలో మొదలైన ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్ మన ప్రాంతానికి కొత్తదేమీ కాదు. 1941లో, మళ్లీ 1978లో హైదరాబాదులోనూ, 1979లో విశాఖపట్నంలోని వాల్తేరులోనూ, 2023 డిసెంబరులో వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయంలోనూ సమావేశాలు జరిగాయి. సాధారణంగా డిసెంబరు ఆఖరి వారంలో జరిగే ఈ సమావేశంలో ప్రాచీన భారతం, మధ్యయుగ భారతం, ఆధునిక భారతం, భారతేతర దేశాలు, పురావస్తు శాస్త్రం వంటి విభాగాలు వేర్వేరు గదుల్లో ఒకేసారి నడుస్తాయి. పాఠ్యపుస్తకాల మీద పేరుగా మాత్రమే తెలిసిన చరిత్రకారులు ఎదుట నిలబడి మాట్లాడుతుంటే వినడం, పరిశోధన పత్రం చదివిన వెంటనే మరో పండితుడు లేచి ఆధారం ఏమిటని నిలదీయడం చూడడం, ఒక విద్యార్థి ఆలోచనా విధానాన్నే మార్చగల అనుభవం. అక్కడి పుస్తక ప్రదర్శన సంగతి వేరే చెప్పాలి. జిల్లా కేంద్రంలోని దుకాణాల్లో ఎన్నడూ కనబడని ప్రచురణలు బల్లల మీద వరుసగా పేర్చి ఉంటాయి, ధరలో తగ్గింపు కూడా దొరుకుతుంది. కొనలేని పిల్లలు సైతం పుస్తకం తిరగేసి, వెనుక ఇచ్చిన ఆధార గ్రంథాల పట్టికను నోటుపుస్తకంలోకి ఎక్కించుకోవడం కనిపిస్తుంది.

ఇంత ఉన్నా, ముప్పై నలభై మంది బృందానికి అక్కడ దక్కేది ఎక్కువగా ప్రేక్షకుల స్థానమే. పత్రం సమర్పించాలంటే సభ్యత్వం తీసుకోవాలి, గడువులోగా పూర్తి పత్రం పంపాలి, ప్రధానంగా ఇంగ్లీషులో రాయాలి, అదే భాషలో ప్రశ్నలకు జవాబు చెప్పాలి. తెలుగు మాధ్యమంలో చదువుకున్న విద్యార్థి దీనికి సిద్ధం కాలేడని నేను అనను. ఆఖరి ఏడాదిలో, సెమిస్టరు పరీక్షల నడుమ, బృందంలోని అందరూ సిద్ధం కావడం మాత్రం జరిగే పని కాదు. అందువల్ల ఇద్దరు ముగ్గురు పత్రాలు చదువుతారు, తక్కినవాళ్లు మొదటి రోజు ప్రారంభ సభలో కూర్చుంటారు, రెండో రోజు మధ్యాహ్నానికి ఏ గదిలో ఏం జరుగుతోందో తెలియక ఆవరణలో తిరుగుతూ కనబడతారు. తప్పు వాళ్లది కాదు. ఏ విభాగంలో ఏ పత్రం తమకు పనికొస్తుందో ముందుగా చూసుకొని వెళ్లే అలవాటు వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

రాష్ట్ర స్థాయి సమావేశం బలం ఇక్కడే ఉంది. 1976లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ హిస్టరీ కాంగ్రెస్‌లో గానీ, రాష్ట్ర విభజన తర్వాత వచ్చిన తెలంగాణ హిస్టరీ కాంగ్రెస్‌లో గానీ స్థానిక చరిత్రకు పెద్ద పీట ఉంటుంది, తెలుగులో రాసిన పత్రానికి చోటు దొరుకుతుంది. ఈ రెండూ కలిస్తే విద్యార్థికి తన ఊరే పరిశోధనాంశం అవుతుంది. పందొమ్మిదో శతాబ్దం తొలి దశకాల్లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులూ వారి సహాయకులూ ఊరూరా తిరిగి సేకరించిన కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్ర వివరాలున్న స్థానిక రికార్డులు, మన దగ్గర ఉన్నాయి. గుంటూరు, కడప వంటి జిల్లాలవి అచ్చులో కూడా దొరుకుతాయి. ఆ జిల్లాల విద్యార్థి తన ఊరి కైఫీయతును గానీ, పక్క ఊరిదాన్ని గానీ తీసుకొని, అందులో చెప్పిన చెరువులు, గుడులు, అగ్రహారాలు, ఇనాములు ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాయో స్వయంగా వెళ్లి చూసి రాస్తే, అది ఇంటర్నెట్‌లో దొరికినదాన్ని అతికించిన వ్యాసం కాదు, అసలైన పత్రం. కైఫీయతు దొరకని చోట శాసనం దొరుకుతుంది, శాసనమూ లేని చోట ఊరి పెద్దల నోట ఉన్న కథనాలు దొరుకుతాయి.

అటువంటి ఒక పత్రాన్ని డిగ్రీ విద్యార్థిని ఒకామె చదవగా నేను విన్నాను. తన ఊరి చెరువు కట్టించినవారి గురించి కైఫీయతులో ఉన్న నాలుగు వాక్యాలను ఆధారం చేసుకొని, చేతులు వణుకుతున్నా గొంతు తడబడకుండా, ఇచ్చిన సమయంలోనే ముగించింది. వెనుక వరుసలో కూర్చున్న విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకాయన లేచి, “తూము పక్కన ఒక రాతి స్తంభం ఉండాలమ్మా, దాని మీద అక్షరాలు చూశావా?” అని అడిగాడు. ఆమె చూడలేదని నిజం చెప్పింది. ఆయన సభ ముగిశాక ఆమెను పక్కకు పిలిచి, అక్షరాలకు ముగ్గుపిండి పట్టించి ఏటవాలు వెలుతురులో ఫోటో ఎలా తీయాలో, వాటి అచ్చును కాగితం మీదికి ఎత్తడానికి ఎవరి అనుమతి అడగాలో చాలాసేపు వివరించాడు. అటువంటి మనిషి జాతీయ సమావేశంలో దొరకడని కాదు. ఆ చెరువును తన కళ్లతో చూసిన మనిషి మాత్రం ఆ చెరువుకు దగ్గరలో జరిగే సమావేశంలోనే దొరుకుతాడు.

ఇక ప్రయాణం. దీన్ని చిన్న విషయంగా చూసేవారు ఎప్పుడూ బృందాన్ని నడిపించి ఉండరు. జాతీయ సమావేశం దూర రాష్ట్రంలో పడితే రైలు తప్ప మార్గం లేదు. 2024 నవంబరు నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది కాబట్టి, డిసెంబరు ఆఖరి వారం ప్రయాణానికి అక్టోబరు చివర్లో కౌంటర్ దగ్గర ఉండాలి. విద్యాయాత్రకు వెళ్లే విద్యార్థులకు స్లీపర్, సెకండ్ క్లాసుల్లో సగం ఛార్జీ, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 75 శాతం రాయితీ ఉంది. అయితే అది ప్రిన్సిపాల్ సంతకం చేసిన రాయితీ పత్రంతో కౌంటర్‌లోనే తీసుకోవాలి, ఆన్‌లైన్‌లో దొరకదు. ఒక టికెట్ మీద ఆరుగురికి మించి పట్టరు, అంతకంటే ఎక్కువ మందికి ఒకేసారి కావాలంటే కాలేజీ లేఖతో ముందుగా రైల్వే అధికారులను కలవాలి. ఈ పనంతా ఎవరు చేస్తారన్నది శాఖలో ముందే తేల్చుకోకపోతే, చివరికి వెయిటింగ్ లిస్టు టికెట్లతో స్టేషన్‌లో నిలబడవలసి వస్తుంది.

2024లో జాతీయ సమావేశం పంజాబులోని పటియాలాలో జరిగింది. వరంగల్ వైపు నుంచి వెళ్లే బృందానికి కాజీపేట నుంచి ఢిల్లీ చేరడానికే దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది, అక్కడి నుంచి పటియాలాకు మరో బండి పట్టుకోవాలి, అది కూడా పొగమంచుతో ఉత్తరాది రైళ్లు గంటల తరబడి ఆలస్యమయ్యే రోజుల్లో. మన పిల్లల్లో చాలామందికి ఆ చలికి సరిపడే బట్టలు కూడా ఉండవు. మూడు రోజుల సమావేశానికి వారం రోజులు కేటాయించాలి. పైగా వేదిక మారే ప్రమాదం కూడా లేకపోలేదు: 2018 డిసెంబరులో పుణేలో జరగవలసిన సమావేశాన్ని ఆతిథ్యమివ్వవలసిన విశ్వవిద్యాలయం నిర్వహించలేనని తప్పుకోవడంతో, అది 2019 ఫిబ్రవరిలో భోపాల్‌లో జరిగింది. రాష్ట్ర సమావేశానికైతే ఆర్టీసీ బస్సో పాసింజర్ రైలో చాలు, తేదీ మారినా పెద్ద నష్టం ఉండదు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు: జనవరిలో సంక్రాంతికి అటూ ఇటూ తేదీలు పడితే బస్సులో సీటు దొరకడం ఢిల్లీ రైలులో బెర్తు దొరకడం కంటే కష్టం కావచ్చు.

అమ్మాయిల ప్రయాణం విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలా కాలేజీల్లో చరిత్ర తరగతిలో వాళ్ల సంఖ్య తక్కువేమీ కాదు. వారం రోజుల దూర ప్రయాణమంటే ఇంట్లో ఒప్పుకోని తల్లిదండ్రులు, రెండు రాత్రుల ప్రయాణానికి, వెంట మేడమ్ వస్తున్నారని తెలిస్తే, ఒప్పుకుంటారు. ఇది న్యాయమా కాదా అన్న చర్చ జరగవలసిందే, కానీ ఆ చర్చ తేలే లోపు ఆ అమ్మాయి చదువు అయిపోతుంది. దూర సమావేశాన్ని ఎంచుకున్న ప్రతిసారీ బృందంలో అబ్బాయిల సంఖ్య పెరిగి అమ్మాయిల సంఖ్య తగ్గుతున్నదంటే, ఆ ఎంపిక వల్ల ఎవరు నష్టపోతున్నారో శాఖ ఆలోచించాలి. బృందం మొత్తం కదలగలిగే చోటునే బృందానికి ఎంచాలి.

రాష్ట్ర సమావేశానికి లోటుపాట్లు లేవని కాదు. కొన్నిచోట్ల పత్రాలు ఎక్కువై ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు కూడా మిగలవు, పత్రం పేరు చదివేసరికి గంట మోగుతుంది. ఒకే అంశాన్ని ఏళ్ల తరబడి పేరు మార్చి చదివేవాళ్లు కూడా ఉంటారు. పీహెచ్‌డీకి వెళ్లదలచిన విద్యార్థికి, దేశంలో తన అంశంపై ఏ విశ్వవిద్యాలయంలో ఎవరు పనిచేస్తున్నారో తెలియాలంటే రాష్ట్రం దాటక తప్పదు. అందుకే అటువంటి ఇద్దరు ముగ్గురిని గుర్తించి, వాళ్ల పత్రాలను ఇంగ్లీషులోకి మార్పించి, ఒక అధ్యాపకుని వెంట జాతీయ సమావేశానికి పంపడం బృంద ప్రయాణానికి అదనంగా చేయవలసిన పని. రాష్ట్ర సమావేశంలో తెలుగులో చదివి, అక్కడ వచ్చిన ప్రశ్నలతో దిద్దుకొని, తరువాతి ఏడాది జాతీయ సమావేశానికి పంపిన పత్రం నేరుగా పంపినదానికంటే ఎంతో గట్టిగా ఉంటుంది.

మూడో దారి ఒకటి ఈ మధ్య విద్యార్థుల ఫోన్లలోకి వస్తున్నది: డబ్బు కడితే చాలు, పత్రం ఎవరూ చదవకుండానే “అంతర్జాతీయ సదస్సు” ధ్రువపత్రం, ఏదో పరిశోధన పత్రికలో ప్రచురణ. నమ్మదగిన పరిశోధన పత్రికల జాబితాగా యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) 2018లో మొదలుపెట్టిన కేర్ జాబితాను 2025లో రద్దు చేసిన తర్వాత, పత్రిక మంచిదో కాదో తేల్చుకునే భారం కాలేజీల మీదే పడింది కాబట్టి ఈ ప్రకటనల పట్ల మరింత జాగ్రత్త అవసరం. దీన్ని పై రెండింటితో పోల్చవలసిన పని లేదు. బీద విద్యార్థి తల్లిదండ్రుల దగ్గర అడిగి తెచ్చిన డబ్బు అటు పోనివ్వకూడదు.

నా అభిప్రాయానికి ఒకే ఒక మినహాయింపు ఉంది. జాతీయ సమావేశమే మన దగ్గరకు వచ్చినప్పుడు, 2023లో వరంగల్‌కు వచ్చినట్టు, రాష్ట్ర సమావేశం మానుకొనైనా బృందం మొత్తం అక్కడికే వెళ్లాలి. 1163 నాటి, కాకతీయ రాజు రుద్రదేవుని శాసనం ఉన్న వేయిస్తంభాల గుడి హనుమకొండలోనే ఉంది, 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప గుడికి ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. ఉదయం మధ్యయుగ విభాగంలో పత్రాలు విని సాయంత్రం ఆ రాళ్ల ముందు నిలబడే అవకాశం ఏ తరగతి గదీ ఇవ్వలేదు. అప్పుడు కూడా ముందుగా కార్యక్రమ పట్టిక తీసుకొని, ప్రతి విద్యార్థీ రోజుకు కనీసం మూడు పత్రాలు ఎంచుకొని, ఒక్కొక్కదానికి ఒక ప్రశ్న రాసుకొని వెళ్లేలా చూడాలి.

తక్కిన సంవత్సరాల్లో రాష్ట్ర సమావేశానికి వెళ్లదలచిన శాఖ, అంశాల ఎంపికను ఆగస్టులోనే మొదలుపెట్టడం మంచిది. కైఫీయతు చదవడానికి ఒక నెల, ఊరు తిరిగి చూడడానికి దసరా సెలవులు, రాయడానికి, తరగతిలో ఒకరి ముందు ఒకరు చదివి సమయం సరిచూసుకోవడానికి నవంబరు నెల సరిపోతాయి. ప్రయాణ ఖర్చును కూడా అప్పటి నుంచే నెలనెలా కొద్దికొద్దిగా జమ చేయిస్తే, చివరి వారంలో డబ్బు లేదని ఆగిపోయే విద్యార్థి ఉండడు. అప్పటికీ కట్టలేని ఒకరిద్దరి వాటాను శాఖలోని అధ్యాపకులు పంచుకోవచ్చు.