ఎయిర్ రైఫిల్ స్కోప్: కొనేముందు చూడవలసింది

దుప్పివేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కనుక, చిత్తూరు పక్కన మా తోతాపురి తోటలో కాగితపు గురిని కొట్టడానికే ఎయిర్ రైఫిల్‌కు ఈ 3-9×40 స్కోప్ (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపే, 40 మిల్లీమీటర్ల ముందు కటకం ఉన్న గురి దుర్భిణి) బిగించాను. స్కోప్ మీది సర్దుబాటు మరను తిప్పితే ఒక్క క్లిక్‌కు గురి 25 మీటర్ల వద్ద సుమారు 1.8 మిల్లీమీటర్లు జరుగుతుంది. అందులో లోపం లేదు. చిక్కంతా పారలాక్స్‌తోనే, అంటే కన్ను జరిగితే స్కోప్‌లోని గురిగీతలు (క్రాస్‌హెయిర్) గురి మీద కదిలినట్టు కనబడడంతోనే. అది లేకుండా కనబడే దూరాన్ని ఈ స్కోప్‌లో 100 గజాలకు స్థిరపరచినందున, ఇంత దగ్గరలో 9 రెట్లకు తిప్పితే నల్లచుక్క మసకబారడమే కాక, కన్ను కాస్త పక్కకు జరిగినా క్రాస్‌హెయిర్ దాని మీది నుంచి తప్పుకుంటుంది. 4 రెట్లకు తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది. స్ప్రింగ్ తుపాకీ అదురుకు 40 గుళ్లలోపే మౌంటు (స్కోప్‌ను తుపాకీకి పట్టి ఉంచే బిగింపు) వెనక్కి జారి, అది కూర్చునే తుపాకీ పట్టాలపై సన్నని గీత పడింది. మౌంటు జారకుండా ఆపే స్టాప్ పిన్ లేకుండా అమ్మడం నాకు నచ్చలేదు. గుళ్లలో మాత్రం 10 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) వాటికంటే 8 గ్రెయిన్లవే నా తుపాకీలో దగ్గరదగ్గరగా పడ్డాయి.