మెనూలో తెలుగు ఉంది, రిపోర్ట్‌లో గుంటూరు తోక తెగింది

విజయవాడ ఏలూరు రోడ్డులోని మా కాల్ సెంటర్‌లో మూడేళ్లుగా రోజూ ఈ రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్‌తోనే నా పని. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్ల సర్వీసు కాల్స్ మావి. సాఫ్ట్‌వేర్ పేరు రాయను, అమ్మినవాళ్లతో ఇంకా పని ఉంది.

డెమోలో ఒక బటన్ నొక్కి మెనూ అంతా తెలుగులోకి మార్చి చూపించారు. మేం పడిపోయాం. ఆ తెలుగు మెనూని ఇప్పటిదాకా మావాళ్లెవరూ వాడలేదు. మాకు కావలసింది ఏజెంట్ టైప్ చేసిన మాట రిపోర్ట్‌లో అలాగే రావడం.

మొదటి వారమే ఊరు కాలమ్‌లో దొరికిపోయింది. తెనాలి శుభ్రంగా వస్తోంది. గుంటూరు మాత్రం 'గుంటూర' అయి, పక్కన నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం. విజయవాడకి చివరి 'డ' లేదు. సపోర్ట్‌కి ఫోన్ చేస్తే "మీ సిస్టమ్‌లో ఫాంట్ లేదు సార్" అన్నారు. రెండు వారాలు ఫాంట్లు ఎక్కిస్తూ కూర్చున్నాం. అసలు సంగతి వేరు. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరమైనా, గుణింతపు గుర్తయినా, సున్నా అయినా ఒక్కోదానికి 3 బైట్ల చోటు పడుతుంది. గుంటూరులో అలాంటివి 7, మొత్తం 21 బైట్లు. ఆ కాలమ్‌కి వాళ్లిచ్చింది 20! తెనాలి 18తో బతికిపోయింది. ఇంగ్లిష్‌లో అక్షరానికి ఒక్క బైటే, అందుకే వాళ్ల టెస్టింగ్‌లో ఇది బయటపడలేదు. తర్వాత కాలమ్ పెంచారు గానీ, పాత రికార్డుల్లో తెగిన తోకలు అలాగే ఉన్నాయి.

రిపోర్ట్‌ని సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) తీసి డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్‌లో తెలుగంతా పోయి, నెత్తిన గీతున్న ఇంగ్లిష్ 'ఏ'లు, డిగ్రీ గుర్తులు కనిపించేవి. డేటా మెనూలోంచి తెచ్చుకుని, అక్కడ యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరిపోతుంది. ఈ ముక్క మాకు సపోర్ట్ చెప్పలేదు, కొత్తగా చేరిన కుర్రాడు చెప్పాడు.

ఇంకా వేధిస్తున్నది ఒకటుంది. రిపోర్ట్‌లో 'ఫ్రిజ్' రెండు వరుసల్లో వస్తుంది. కంటికి రెండూ ఒకటే. ఎవరో 'ఫ్రిజ్‌లు' అని కొట్టి 'లు' చెరిపేస్తారు, పొల్లు పక్కన కనబడని నాన్-జాయినర్ గుర్తు (పక్క అక్షరంతో ఒత్తుగా కలవకుండా ఆపేది) మిగిలిపోతుంది. మిషన్‌కి అది వేరే మాట. నెలాఖరున లెక్కలు కలవక నాకు టెన్షన్. ఇప్పుడు నేనే ఎక్సెల్‌లో ఆ గుర్తుని ఏరేసి కూడుతున్నాను.

పీడీఎఫ్‌లో ఒత్తులు విడిపోయే రోగం మాత్రం కిందటి అప్‌డేట్‌తో పోయింది. కాల్ టైమ్, క్యూ, ఏజెంట్ల లెక్కల్లో ఎప్పుడూ తేడా రాలేదు, స్క్రీన్ కూడా చకచకా వస్తుంది. అందుకే అయిదుకి మూడు ఇస్తాను.

రెన్యువల్ వచ్చే నెల. ఈసారి వాళ్ల శాంపిల్ డేటా చూడను. వాళ్ల ఎదుటే 'సత్తెనపల్లి' కొట్టి, పీడీఎఫ్ ఒకటి, సీఎస్‌వీ ఒకటి తీయించాకే సంతకం.