స్టెరాయిడ్ హార్మోన్ల పరీక్షకు ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్: కొన్నేళ్ల వాడకం తర్వాత

తిరుపతిలోని మా ల్యాబులో ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ పద్ధతిలో, అంటే ద్రవ ప్రవాహంలో పదార్థాలను విడదీసి ద్రవ్యరాశిని బట్టి రెండు దశల్లో ఏరే పద్ధతిలో, పనిచేసే ట్రిపుల్ క్వాడ్రుపోల్ (మూడు గదుల) యంత్రాన్ని కొన్నేళ్లుగా స్టెరాయిడ్ హార్మోన్ల కోసమే నడుపుతున్నాము. మదనపల్లె, చిత్తూరు, శ్రీకాళహస్తి వైపు నుంచి వచ్చే నమూనాలలో అవాంఛిత రోమాలతో బాధపడే యువతుల టెస్టోస్టిరాన్, ఎడ్రినల్ గ్రంథి లోపం అనుమానించిన పసికందుల 17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ పరీక్షలే ఎక్కువ. యంత్రం తన ఖరీదుకు న్యాయం చేసేది కూడా ఈ రెండింటిలోనే. స్త్రీల రక్తంలో టెస్టోస్టిరాన్ అతి తక్కువగా ఉండటం వల్ల యాంటీబాడీ ఆధారిత పరీక్షలు అక్కడ తడబడతాయి. నవజాత శిశువులలోనైతే 17-హైడ్రాక్సీప్రెగ్నెనొలోన్ సల్ఫేటు వంటి పోలికగల పదార్థాలకూ యాంటీబాడీ అతుక్కుని, లేని జబ్బును ఉన్నట్టు చూపగలదు.

టెస్టోస్టిరాన్ అణువు ఒక ప్రోటాన్‌ను గ్రహించి 289 ద్రవ్యరాశి వద్ద కనిపిస్తుంది. మొదటి క్వాడ్రుపోల్ దానిని ఏరి పంపగా, మధ్యగదిలోని వాయువుతో ఢీకొని విరిగిన ముక్కలలో 97, 109 అనే రెండింటిని చివరి క్వాడ్రుపోల్ లెక్కిస్తుంది. ఆ రెండింటి నిష్పత్తి స్వచ్ఛమైన ప్రమాణ పదార్థంలోని నిష్పత్తితో సరిపోలినప్పుడే మేము ఫలితం ఇస్తాము.

అయినా ద్రవ్యరాశి ఒక్కటే గుర్తింపు కాదు. 17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్, 11-డీఆక్సీకార్టికోస్టిరాన్ రెండూ 331 వద్దనే కనిపించి, రెండూ 97, 109 ముక్కలనే ఇస్తాయి. 11-డీఆక్సీకార్టిసాల్, 21-డీఆక్సీకార్టిసాల్, కార్టికోస్టిరాన్ ముగ్గురు తోబుట్టువుల్లా 347 దగ్గరే నిలబడతాయి. వీటిని విడదీసే భారం ప్రధానంగా ముందున్న కాలమ్‌దే, అంటే పదార్థాలు వేర్వేరు సమయాల్లో బయటికొచ్చే గొట్టానిదే. సమయం ఆదా అవుతుందని పొట్టి కాలమ్, వేగవంతమైన గ్రేడియంట్ (ద్రావణి మిశ్రమాన్ని మార్చే క్రమం) ఎంచుకోవడం, నా దృష్టిలో, యంత్రం కొన్న ప్రయోజనాన్నే పోగొట్టుకోవడం. కీళ్లనొప్పులకు ప్రెడ్నిసొలోన్ వాడేవారి విషయంలో మరో చిక్కు ఉంది: అది ప్రోటాన్‌తో కలిసి 361 వద్ద కనిపించినా, బరువైన ఐసోటోపులున్న కొద్దిపాటి అణువులు 363 వద్ద, అంటే కార్టిసాల్ స్థానంలో, పడతాయి. వైద్యులు మందుల చీటీని జతచేసి పంపితే సగం తలనొప్పి తగ్గుతుంది.

సీరమ్‌లోని ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వులు యంత్రానికి అందే సంకేతాన్ని అణచివేస్తాయి. డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) చేర్చిన అదే హార్మోనును ప్రతి నమూనాలో కలిపితే రెండింటికీ దాదాపు ఒకే నష్టం జరిగి నిష్పత్తి నిలుస్తుంది. ఈ ప్రమాణాలు ఖరీదైనవే, కానీ వీటి దగ్గర పొదుపు పనికిరాదు.

ఈస్ట్రడయోల్ విషయంలో మాత్రం నేను సంతృప్తిగా లేను. మెనోపాజ్ దాటిన స్త్రీలలో దానిని కొలవాలంటే డాన్సిల్ క్లోరైడు అనే రసాయనంతో చర్య జరిపి 506 నుంచి 171కి విరిగే రూపానికి మార్చవలసి వస్తోంది. ఆ అదనపు పనివల్ల ఫలితం ఆలస్యమవుతోంది. మే నెల ఎండల్లో ఏసీ, కరెంటు రెండింటినీ కాచుకోవాలి. వాక్యూమ్ పోయిందంటే తిరిగి స్థిరపడేవరకు నమూనాలన్నీ ఫ్రీజరులోనే ఉంటాయి.

కార్టిసాల్ పరీక్షలు మాత్రమే, అవీ కొద్దిగా, వచ్చేవారికి ఇది అనవసర భారం. కొనదలచినవారు ప్రదర్శనలో స్వచ్ఛమైన టెస్టోస్టిరాన్ శిఖరాన్ని (తెరపై గీత పైకి లేచిన చోటును) చూసి సరిపెట్టుకోకుండా, పై 331 జంటను కలిపిన సీరమ్‌ను అమ్మకందారు చేతికిచ్చి, రెండు శిఖరాలు పూర్తిగా విడివడి వచ్చేదాకా వేచి చూడాలి.